సన్మానము చాలదు, సదుపాయము కావలెను
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక గ్రామ గ్రంథాలయమును నిలుపుకొని వచ్చుట సామాన్యమైన పని కాదు. భవనము కట్టుటకు చందాలు పోగగును. పుస్తకములు కొనుటకు దాతలు దొరకుదురు. కాని ప్రతిదినము వేళకు తలుపు తీయుటకును, దీపము వెలిగించుటకును, తీసికొనిపోయిన పుస్తకమును అడిగి మరల తెప్పించుటకును ఎవరో ఒకరు పట్టుదలతో నిలువవలెను. ఉత్సవము ఒకనాటిది, తలుపు తీయుట నిత్యకృత్యము. ఈ సంస్థ బ్రదికియున్నది ఆ నిత్యకృత్యము వలననే. పనిచేయు స్త్రీలపట్ల సమాజము బాధ్యతను గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు నన్ను కోరినారు. నేను చెప్పదలచినది ఈ పోలికలోనే ఉన్నది. స్త్రీల శ్రమను కొనియాడుటకు మనము ఉత్సవములు చాల చేసితిమి. వారికొరకు ప్రతిదినము తలుపు తీయు పనిని మాత్రము ఎవరును చేతబట్టలేదు.

పనిచేయు స్త్రీ యనగానే మనలో పలువురకు చేతిసంచి తగిలించుకొని బస్సెక్కి పట్టణమునకు పోవు ఉద్యోగిని కన్నులకు గట్టును. ఆమెయు పనిచేయు స్త్రీయే. కాని మోకాలిలోతు బురదలో వంగి నాట్లు వేయునామె, పత్తి తీయునామె, మిరపకాయలు కోయునామె, నిజామాబాదు ప్రాంతమున ఇంటి అరుగుమీద బీడీలు చుట్టునామె, పలాసలో జీడిపప్పు వలుచునామె, అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త, నర్సు, ఉపాధ్యాయిని, బట్టల దుకాణమున ఉదయము మొదలు రాత్రివరకు నిలుచుండు అమ్మాయి, వీరందరును పనిచేయు స్త్రీలే. ఆ మాటకు వచ్చిన, పనిచేయని స్త్రీ మన గ్రామమున ఎవరున్నారు? కొందరి పనికి కూలి కలదు. కొందరి పనికి లేదు. అంతే భేదము.

1975వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా సంవత్సరముగా ప్రకటించినది. అదివరకే కార్మికోద్యమములలో జరుపబడుచున్న మార్చి 8వ తేదీ మహిళా దినోత్సవమును ఆ యేడు సమితియు పాటించినది. ఆ దినము పుట్టినది పనిగంటలు తగ్గవలెననియు, కూలి పెరుగవలెననియు, వోటుహక్కు రావలెననియు స్త్రీలు చేసిన పోరాటముల నుండి. నేడు మన కార్యాలయములలో ఆనాడు ఏమి జరుగుచున్నది? ముగ్గుల పోటీ పెట్టుదురు. ఒక్కొక్కరి చేతికి ఒక గులాబి పువ్వు ఇత్తురు. పెద్ద ఉద్యోగిని ఒకామెకు దుశ్శాలువ కప్పి ఫోటో తీయింతురు. వక్తలు స్త్రీని దేవతతో పోల్చుదురు. దేవతకు ఆకలి లేదు, అలసట లేదు, ఆమె కూలి అడుగదు. కావున ఆ పోలిక చెప్పువారికి మిక్కిలి అనుకూలము. మరునాడు, అనగా మార్చి 9వ తేదీన, ఆ కార్యాలయములో స్త్రీలకు మరుగుదొడ్డి ఉన్నదా, లేదా, దానిలో నీరున్నదా యని ఎవరును అడుగరు.

నేను దుశ్శాలువకు శత్రువును కాను. గౌరవింపబడుట ఎవరికైనను సంతోషము. కాని గౌరవ చిహ్నము వేరు, అండ వేరు. ఈ రెంటికిని భేదము కనుగొనుటకు మూడు ప్రశ్నలు చాలును. మొదటిది: ఇచ్చినది మరునాడు కూడ నిలుచునా? రెండవది: ఇచ్చినవారు తమ సొమ్ములోనో, సమయములోనో, అధికారములోనో కొంత వదులుకొనిరా? మూడవది: పొందినవారు దానిని రేపు హక్కుగా అడుగవచ్చునా, లేక మరల ఇచ్చువారి దయకొరకు వేచియుండవలెనా? ఈ మూడింటికిని కాదను సమాధానము వచ్చినచో, ఆ కార్యము ఎంత ఘనముగా జరిగినను అది లాంఛనమే.

లాంఛనమునకును నిబంధనకును ఎంత దూరముండునో చూపుటకు ఒక చరిత్ర చెప్పెదను. కొడగు ప్రాంతమునకు చెందిన సి. బి. ముత్తమ్మగారు 1949లో భారత విదేశాంగ సేవలో ప్రవేశించిరి. ఆ సేవలో చేరిన ప్రథమ మహిళ ఆమెయే. స్వతంత్ర భారతము స్త్రీని రాయబారిగా పంపగలదని లోకమునకు చెప్పుకొనుటకు ఆమె పేరు ఉపకరించినది. కాని అదే సేవయొక్క నిబంధనలలో ఏమున్నది? స్త్రీ యుద్యోగి వివాహము చేసికొనుటకు ముందు ప్రభుత్వపు అనుమతి వ్రాతమూలకముగా పొందవలెను. వివాహమైన పిమ్మట సంసారము వలన ఆమె పనికి భంగము కలుగునని తోచినచో రాజీనామా కోరవచ్చును. పురుషులకు అట్టి షరతు లేదు. పై పదవికి తన్ను తగినదానిని కాదనగా ముత్తమ్మగారు సుప్రీంకోర్టునకు పోయిరి. 1979లో తీర్పు చెప్పిన జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యరుగారు ఆ నిబంధనలలోని వివక్షను తీవ్రముగా విమర్శించిరి. వ్యాజ్యము నడుచుచుండగనే ఆమెకు పదోన్నతి లభించినది. ప్రథమ మహిళ యను కీర్తి ఆమెకు ముప్పది సంవత్సరములు ఉన్నది. ఆ కీర్తితోపాటు నిబంధన కూడ పుస్తకములో అట్లే ఉన్నది. ఒక స్త్రీని ముందు కూర్చుండబెట్టినంత మాత్రమున వెనుకనున్న వారికి దారి ఏర్పడదని దీని వలన తెలియుచున్నది.

ఇంకొక ఉదాహరణము మన ఇండ్లకు మరింత దగ్గరిది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమము క్రింద ఆశా కార్యకర్తలను నియమించుట మొదలైనది. గర్భిణిని ఆసుపత్రికి తోడ్కొనిపోవుట, పసిబిడ్డకు టీకాలు వేయించుట, క్షయరోగి మందులు మానకుండ చూచుట వీరి పని. కరోనా వ్యాధి వ్యాపించినపుడు గడపగడపకు పోయి జ్వరపీడితుల వివరములు వ్రాసికొనివచ్చినవారు వీరే. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమునందలి పది లక్షలకు మించిన ఆశా కార్యకర్తలకు ప్రపంచ ఆరోగ్య నాయకుల పురస్కారమును ప్రకటించినది. అది మనందరకును గర్వకారణము. కాని ఆ పురస్కారము వచ్చిననాడు వారి ఉద్యోగ స్థితి యేమి? నియామక సూత్రముల ప్రకారము వారు స్వచ్ఛంద సేవికలు. వారికి వచ్చునది జీతము కాదు. పనిని బట్టి లెక్కగట్టి ఇచ్చు ప్రోత్సాహకము. లోకము చేత నాయకురాలనిపించుకొన్న స్త్రీ తన ఊరి లెక్కల పుస్తకములో ఉద్యోగి యనిపించుకొనలేకపోయినది.

అంగన్‌వాడీ కార్యకర్త సంగతియు ఇట్టిదే. 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ప్రారంభమైనది. నాటినుండి అంగన్‌వాడీ కార్యకర్తకు ఇచ్చుదానికి గౌరవ వేతనమని పేరు. గౌరవమను మాట ముందు చేరుట చేత వేతనమను మాటకు బలము తగ్గిపోయినది. జీతమైనచో పెంపు ఉండవలెను, సెలవు ఉండవలెను, పదవీ విరమణానంతరము కొంత సొమ్ము ఉండవలెను. గౌరవమునకు అవి యేవియు అక్కరలేదు గదా! ఈ వాదము నలువది యేండ్లకు మించి నడిచినది. 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు, అంగన్‌వాడీ కార్యకర్తలును ఆయాలును 1972 నాటి చట్టము ప్రకారము గ్రాట్యుటీకి అర్హులని తీర్పు చెప్పినది. ఇది నేను చెప్పిన మూడు ప్రశ్నలకును నిలుచునట్టిది. ఇది నిలుచును, ఇచ్చువారికి ఖర్చగును, పొందువారు హక్కుగా అడుగవచ్చును.

ఇక నిజమైన అండ యెట్లుండునో చూతము. అది చాల చిన్న వస్తువుతో మొదలు కావచ్చును. కేరళ రాష్ట్రములోని కోళిక్కోడు నగరమున బట్టల దుకాణములలో పనిచేయు స్త్రీలు పది పన్నెండు గంటలు నిలుచుండియే పనిచేయవలసివచ్చెడిది. బేరము లేని వేళ కూడ కూర్చుండరాదు. మరుగుదొడ్డి లేనందున నీరు త్రాగుట మానుకొనెడివారు. కుట్టుపని చేయు పి. విజియను నామె ఆ స్త్రీలను కూడగట్టి, మొదట మరుగుదొడ్డి కొరకును, పిదప కూర్చుండు హక్కు కొరకును ఉద్యమము నడిపెను. ఫలితముగా 2018లో కేరళ ప్రభుత్వము దుకాణముల చట్టమును సవరించి, పనివారికి ఆసనములు ఏర్పరచుట యజమానుల విధిగా చేసినది. 2021లో తమిళనాడును అట్టి సవరణ చేసినది. ఒక స్టూలు వెల యెంత? సన్మాన సభలోని పూలదండల వెలకంటె హెచ్చు కాదు. అయినను దండ సులభముగా వచ్చును, స్టూలు కొరకు ఏండ్ల తరబడి పోరాడవలసివచ్చును. ఏలన, దండ వేసినవాని పెత్తనము తగ్గదు. స్టూలు వేసినచో, పనిమనిషియు అలసిపోవు మనిషియేనని ఒప్పుకొనినట్లగును.

రెండవది పసిబిడ్డల సంగతి. 1969లో గాంధీ మహాత్ముని శతజయంతి సందర్భమున ఢిల్లీ రాజఘాట్ వద్ద ప్రదర్శనశాలలు కట్టుచుండిరి. అచ్చట ఇటుకలు మోయు కూలి స్త్రీల పసిబిడ్డలు దుమ్ములో, కంకరలో పడియుండుట మీరా మహదేవన్ గారు చూచిరి. మహాత్ముని శతజయంతి కొరకు కట్టుచున్న మందిరముల మధ్యనే ఈ దృశ్యము! ఆమె అచ్చటనే ఒక గుడారమున శిశుశాల తెరచిరి. ఆ గుడారమే పిమ్మట మొబైల్ క్రెషస్ అను సంస్థగా పెరిగి, కట్టడములు జరుగు చోట్లకు శిశుశాలలను తీసికొనిపోయినది. పని యెచ్చటనో బిడ్డయు అచ్చటనే సురక్షితముగా ఉండవలెనను సూత్రము వారిది. మన చట్టములును ఈ సూత్రమును అంగీకరించినవి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టములోను, 1966 నాటి బీడీ కార్మికుల చట్టములోను శిశుశాలల ఏర్పాటు వ్రాయబడినది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము, పనిచోట ఆరేండ్ల లోపు పిల్లలు అయిదుగురున్నచో వారిని చూచుకొనుటకు ఒక స్త్రీని నియమించి ఆమెకును అదే కూలి ఇయ్యవలెనని విధించినది. కాగితము మీద లోపము లేదు. మన పొలము గట్లమీద చెట్టుకొమ్మకు చీర కట్టి ఊపుచున్న ఊయలను, దానిని ఊపుచు బడి మానుకొన్న అక్కను చూచినపుడు ఆ కాగితము ఎచ్చట ఆగిపోయినదా యని ప్రశ్నించుకొనవలసియున్నది.

బిడ్డను గూర్చి ఇంతగా చెప్పుటకు కారణమున్నది. 2023లో ఆర్థికశాస్త్రమున నోబెలు బహుమతి పొందిన క్లాడియా గోల్డిన్ గారు స్త్రీల సంపాదనల చరిత్రను పరిశోధించిరి. నేటి ధనిక దేశములలో ఒకే వృత్తిలో చేరిన స్త్రీ పురుషుల సంపాదనలో ఇపుడు కనవచ్చు తేడాలో అధిక భాగము తొలి బిడ్డ పుట్టుటతో ఏర్పడుచున్నదని ఆమె చూపిరి. మన దేశపు లెక్కయు ఒకటి వినుడు. 2019లో కేంద్ర ప్రభుత్వము జరిపించిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపనిలో పాల్గొన్నట్లు తేలిన స్త్రీలు నూటికి 81 మంది. పురుషులు 26 మంది. పాల్గొన్నవారిలో స్త్రీ ఆ పనికి వెచ్చించిన కాలము దినమునకు సగటున 299 నిముషములు. పురుషుడు 97 నిముషములు. దాదాపు అయిదు గంటల పని ఇంట ముగించుకొని, లేదా ఇంటికి మిగుల్చుకొని, ఆమె బయటి పనికి వచ్చుచున్నది. ఆమె ఆలస్యముగా వచ్చినదనియు, పై బాధ్యతలకు ముందుకు రాదనియు నిందించువారు ఈ అయిదు గంటలను ముందుగా లెక్కించవలెను.

ప్రసూతి సౌకర్యము కూడ ఇట్లే పరిశీలింపదగినది. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సహాయ బిల్లు చర్చకు వచ్చినపుడు డాక్టరు అంబేద్కరుగారు దానిని బలపరచిరి. 1929లో ఆ రాష్ట్రమున చట్టమైనది. స్వతంత్ర భారతమున 1961లో ప్రసూతి ప్రయోజన చట్టము 12 వారముల సెలవును ఇచ్చినది. 2017 సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు అది 26 వారములైనది. ఇది ఘనమైన ముందడుగే. కాని ఈ పద్ధతిలో సెలవుకాలపు జీతభారమంతయు యజమాని మీదనే పడుచున్నందున, కొందరు యజమానులు వివాహము కావలసిన యువతిని పనిలోనికి తీసికొనుటకే వెనుకాడుచున్నారు. 1948 నాటి ఈ.ఎస్.ఐ. పద్ధతిలో యజమానియు కార్మికుడును నెలనెలా చందా కట్టుదురు. ప్రసూతి కాలమున సొమ్మును ఆ నిధి ఇచ్చును. భారమును పదిమందిపై పంచినచో ఒక్కని చేయి వెనుకకు పోదు. ఇక మన కూలి స్త్రీకి ఈ రెండును అందుట అరుదు. 2017లో ప్రారంభమైన మాతృవందన పథకము క్రింద తొలి కాన్పునకు నిర్ణయించిన సహాయము 5,000 రూపాయలు. ఒక తల్లికి ఆరు నెలల జీతము, వేరొక తల్లికి కొన్ని దినముల కూలి! కాన్పు నొప్పి ఇద్దరకును ఒక్కటే గదా.

మూడవది కూలి. స్త్రీ పురుషులకు సమానమైన పనికి సమాన వేతనము ఉండవలెనని మన రాజ్యాంగములోని 39వ అధికరణము ఆదేశించుచున్నది. 1976లో సమాన వేతన చట్టము వచ్చినది. ఒకే పనికే కాక, ఒకే తీరు పనికిని సమాన వేతనము ఇయ్యవలెనని అది చెప్పినది. బొంబాయిలో ఒక కంపెనీ స్త్రీ స్టెనోగ్రాఫర్లకు వేరు పేరు పెట్టి తక్కువ జీతము ఇచ్చుచుండగా, 1987లో సుప్రీంకోర్టు అది చెల్లదని తీర్పు చెప్పినది. పేరు మార్చి వెల తగ్గించు ఈ ఉపాయము మన పొలములలోను లేకపోలేదు. దుక్కి, మందు పిచికారి, బస్తాల మోత మగవాని పని. నాట్లు, కలుపు, కోత ఆడుదాని పని. ముందు పనికి ఆడ మగ పేర్లు పెట్టుదురు. పిదప ఆడపని తేలికయని వెల కట్టుదురు. దినమంతయు నడుము వంచి నీటిలో నాటువేయుట తేలికయని నిర్ణయించినవారు ఒక్క పూట నాటువేసి చూచినచో ఈ వివాదము కోర్టుదాక పోనక్కరలేదు.

నాలుగవది మానరక్షణ. ఈ ప్రసంగమున మిక్కిలి గంభీరమైన విషయమిది. రాజస్థానములోని భటేరీ గ్రామమున భంవరీదేవి అను నామె ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమములో గ్రామ కార్యకర్త. 1992లో, ఒక శిశువు బాల్యవివాహమును అడ్డగించుట ఆమె ఉద్యోగ ధర్మము. ఆ పగతో తనపై సామూహిక అత్యాచారము జరిగినదని ఆమె ఫిర్యాదు చేసెను. 1995లో క్రింది న్యాయస్థానము నిందితులను ఆ అభియోగము నుండి విడుదల చేసినది. అంతకు ముందే కొన్ని స్త్రీ సంఘములు, పనిచేయుచోట స్త్రీకి రక్షణ లేదని సుప్రీంకోర్టునకు నివేదింపగా, 1997లో విశాఖ తీర్పు వెలువడినది. పట్టణములందలి పెద్ద కార్యాలయములలో చదువుకొన్న స్త్రీలు నేడు అనుభవించుచున్న రక్షణకు మూలము, గ్రామములో కొద్ది జీతమునకు పనిచేసిన ఒక కార్యకర్త సాహసము.

2013లో ఆ తీర్పు చట్టరూపము దాల్చినది. దాని ప్రకారము పదిమంది గాని అంతకు మించి గాని పనివారున్న ప్రతిచోట ఒక అంతర్గత కమిటీ ఉండవలెను. దానికి స్త్రీయే అధ్యక్షురాలు. సభ్యులలో సగమునకు తక్కువ కాకుండ స్త్రీలు. బయటినుండి ఒక సభ్యుడో సభ్యురాలో ఉండవలెను. అంతకు తక్కువ మంది పనిచేయుచోట్ల స్త్రీలు, ఇండ్లలో పనిచేయు స్త్రీలు జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చును. ఆ ఫిర్యాదులను అందుకొని కమిటీకి పంపుటకు మండల స్థాయిలో ఒక అధికారి ఉండవలెను. సంఘటన జరిగిన మూడు నెలలలో ఫిర్యాదు చేయవలెను. విచారణ తొంబది దినములలో ముగియవలెను. కమిటీ ఏర్పరచని యజమానికి 50,000 రూపాయలవరకు జరిమానా. ఈ చట్టము వచ్చి పది సంవత్సరములైన పిమ్మట, 2023లో కూడ, పెక్కు చోట్ల ఈ కమిటీలు సరిగా ఏర్పడలేదని సుప్రీంకోర్టే విచారము వెలిబుచ్చినది. గోడమీద కమిటీ పేర్లు వ్రాయుట లాంఛనము. ఫిర్యాదు చేసిన స్త్రీ మరుసటి నెల అదే కుర్చీలో కూర్చుండి పనిచేయగలుగుట రక్షణ.

ఇట్లు చెప్పినపుడు కొన్ని ఆక్షేపణలు వచ్చుట సహజము. ఇంత ఖర్చు ఎవరు భరింతురు? అని కొందరందురు. ఖర్చు ఇపుడును జరుగుచునే ఉన్నది. నీరు త్రాగక వచ్చిన జబ్బునకు కూలి స్త్రీ మందుల రూపమున కట్టుచున్నది; ఊయల ఊపుటకు బడి మానిన బాలిక తన చదువు రూపమున కట్టుచున్నది. మనము కోరునది క్రొత్త ఖర్చు కాదు, ఆ ఖర్చును పదిమందియు పంచుకొనుట. స్త్రీలు అడుగుట లేదు గదా! అని మరికొందరందురు. అడిగిన మరునాడు పనికి రావద్దందురను భయమున్నచోట మౌనమును తృప్తియని భావింపరాదు. రాత్రివేళ పని స్త్రీకి ప్రమాదము, కావున ఇంట ఉండుటయే మేలు అను మాటయు కలదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము రాత్రి 7 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు స్త్రీలచేత పనిచేయింపరాదని విధించినది. దాని ఉద్దేశము మంచిదే. కాని దారిలో దీపము పెట్టి, బండి యేర్పరచి, దుష్టుని శిక్షించుటకు బదులు స్త్రీనే ఇంట కూర్చుండబెట్టుట, దొంగల భయమునకు సంత మూసివేయుట వంటిది.

నిజమైన తోడ్పాటు ఎట్లుండునో తెలుగు దేశములోనే ఒక దారి చూపినవారున్నారు. రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశముఖ్ గారు 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలైరి. నర్సులు, ఉపాధ్యాయినులు, గ్రామసేవికలు కావలెనని ప్రభుత్వము పిలుచుచున్నను, ఆ పనులకు కావలసిన కనీస పరీక్ష ప్యాసైన స్త్రీలు గ్రామములలో లేరు. చిన్నతనమున చదువు మాన్పింపబడినవారు, వితంతువులు, భర్త విడిచినవారు మరల బాలికలతో కలిసి బడిలో కూర్చుండలేరు. అందువలన వయసు వచ్చిన స్త్రీలు కొద్ది సంవత్సరములలోనే పరీక్షకు కూర్చుండునట్లు సంక్షిప్త విద్యా శిక్షణను 1958లో మండలి ప్రారంభించినది. స్త్రీలారా, ముందుకు రండు అని పిలిచి ఊరకుండలేదు. ముందుకు రాకుండ అడ్డుపడుచున్న మెట్టు ఏదో కనుగొని దానిని దిగువ చేసినారు. ఇదే మనకు మాదిరి కావలెను.

మాటలు కోటలు దాటును గాని కాలు గడప దాటదని పెద్దలందురు. కావున ఈ గడప దాటుటకు మన గ్రామము చేయదగిన కొన్ని పనులు మనవి చేసెదను. మొదట గ్రంథాలయమే దారి చూపవలెను. కూలి స్త్రీ పొలమునుండి తిరిగివచ్చి వంట ముగించునప్పటికి గ్రంథాలయము మూయుచున్నచో, ఆమెకు అది లేనట్లే. వారమునకు రెండు దినములైనను వారికి వీలైన వేళ తెరువవలెను. రాలేనివారికి పుస్తకము ఇంటికి చేర్చవలెను. నీరును దీపమును గల మరుగుదొడ్డి స్త్రీలకు ప్రత్యేకముగా ఉండవలెను. ఉద్యోగ పరీక్షల పుస్తకములు బాలికలకు అందుబాటులో నుంచవలెను. కార్యవర్గమున స్త్రీలను పేరునకు సభ్యురాండ్రుగా గాక కార్యదర్శిగా, కోశాధికారిగా ఎన్నుకొనవలెను. తాళపుచెవి, లెక్కల పుస్తకము ఎవరిచేతిలో ఉన్నవో వారిదే అధికారము. గోడమీద మహనీయుల పటముల ప్రక్కన ఒక పలకపై, సమాన వేతనపు హక్కును, జిల్లా స్థానిక కమిటీ చిరునామాను, మండలమున ఫిర్యాదు అందుకొను అధికారి వివరమును పెద్ద అక్షరములతో వ్రాయించవలెను. ఇది గ్రంథాలయము చేయదగిన పనియే. పుస్తకములో ఉన్న హక్కును చదువురాని స్త్రీ చెవికి చేర్చుటయు గ్రంథాలయ సేవయే యగును.

తరువాత గ్రామము. నాట్ల కాలమున, కోతల కాలమున పాఠశాల వరండాలోనో, గ్రామ చావడిలోనో పిల్లలకొరకు నీడ యేర్పరచి, ఇద్దరు అవ్వలను కూలిచ్చి నియమింపవలెను. ఎకరమునకు ఇంతయని రైతులు చందా వేసికొన్నచో ఎవరికిని భారము కాదు. పొలమున త్రాగునీరు, గుడ్డతో కట్టిన మరుగు రైతే యేర్పరుపవలెను. కూలి రేటు నిర్ణయించు సమావేశములో కూలి స్త్రీల ప్రతినిధులు నేలమీద గాక సమానముగా కూర్చుండి మాటలాడవలెను. పాఠశాలను, పంచాయతీ కార్యాలయమును, ఈ భవనమును ఊడ్చు స్త్రీలకు నెలనెలా వేళకు జీతము అందుచున్నదా, వారికి సెలవు కలదా యని ఈ సభలోని పెద్దలు ఈ వారములోనే విచారింపవలెనని నా ప్రార్థన. వారి చీపురుకట్ట లేనిదే ఈ రజతోత్సవము జరిగెడిది కాదు.

చివరకు ఇల్లు. సోదరులారా, 299 నిముషములకును 97 నిముషములకును గల దూరమును ఏ చట్టమును తగ్గింపజాలదు. నీళ్లు పట్టుట, బిడ్డకు స్నానము చేయించుట, తిన్న పళ్లెము కడుగుట నేర్వదగని విద్యలు కావు. కోడలు ఉద్యోగము చేయుచున్నదని గర్వముగా చెప్పుకొను ఇంటిలో ఆమె సాయంకాలము వచ్చునప్పటికి పొయ్యి వెలిగియున్నదా లేదా యనునదే ఆ గర్వమునకు పరీక్ష.

ఈ గ్రంథాలయము ఇరువదియైదు ఏండ్లు నిలిచినది ప్రతిదినమును ఒక పనిగా చేసినవారి వలన. స్వర్ణోత్సవమునాటికి ఈ గ్రామమున పనిచేయు స్త్రీలను వేదికపైకి పిలిచి సన్మానింతురో లేదో నేనెరుగను. అంతలోపల వారి బిడ్డలకు నీడయు, వారికి సమానమైన కూలియు, కూర్చుండుటకు చోటును, ఫిర్యాదు వినుటకు చెవియు ఏర్పడినచో, సన్మానము జరుగకపోయినను వారు నొచ్చుకొనరు. ఈ కార్యములలో ఒక్కటైనను ఈ సంవత్సరములోనే ప్రారంభింపుడని కార్యవర్గమువారిని వేడుకొనుచున్నాను.